‘చేతిలో ఒకటి’ – జెర్బుల వర్గీకరణము

ఒక వస్తువు ఒక్కచూపునకు అందనంత పెద్దదైనపుడు దానిని భాగములుగా పరిశీలించి, ఆ భాగములను అతికి పూర్ణరూపమును తెలిసికొనుట శాస్త్రజ్ఞుల పద్ధతి. భూపటములు ఇట్లే తయారైనవి. అతుకునపుడు రెండేసి భాగములు తాము కలిసిన చోట ఏకీభవించవలెను. అంతమాత్రమున మొత్తము చక్కగా అతుకునా? అతుకునన్న నమ్మకము లేదని గణితశాస్త్రము చెప్పుచున్నది. రెండేసి భాగములు రాజీపడిన తరువాత కూడ, మూడు భాగములు కలిసిన చోట ఒక శేషము మిగులవచ్చును. ఆ శేషము కొన్నిమార్లు సర్దుబాటు వలన పోవును. కొన్నిమార్లు ఎన్ని సర్దుబాట్లు చేసినను పోదు. అట్లు పోని శేషమును పారవేయక, దానిని లెక్కించి, దానికొక స్థానము నిచ్చిన భావనయే జెర్బు.

ఈ పేరు ఫ్రెంచి భాష నుండి వచ్చినది. ఆ భాషలో ‘జెర్బ్’ అనగా కోసిన పైరును చేర్చి కట్టిన మోపు. ఈ సిద్ధాంతమును విపులముగా నిర్మించిన గణితవేత్త జాన్ జిరో. ఆయన గ్రంథము 1971లో వెలువడినది. ఆ కాలపు ఫ్రెంచి గణితవేత్తలు తమ భావనలకు పొలము నుండియు పేర్లు తెచ్చుకొనిరి. ఒక దానిని ‘కట్ట’ యనిరి. ఒక దానిని ‘చేను’ అనిరి. మరియొక దానిని ‘మోపు’ అనిరి. మన రైతు కోసిన వరిని పనలుగా పరచి, పనలను చేర్చి మోపులు కట్టును. గణితములో కూడ చిన్నచిన్న చోట్ల లభించు వస్తువులను చేర్చి కట్టినదే జెర్బు.

రెండు జెర్బులు ఒకే రకమునకు చెందినవా, కావా? ఒక ప్రదేశముపై మొత్తము ఎన్ని రకముల జెర్బులు కలవు? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే జెర్బుల వర్గీకరణము. దీనికి సంపూర్ణమైన జవాబును హోమోటోపీ సిద్ధాంతము, ఉన్నత కేటగిరీల సిద్ధాంతము ఇచ్చినవి. పేర్లు కఠినముగా తోచినను, మూలభావము ఉన్నత పాఠశాల విద్యార్థి ప్రతిదినము చేయు కూడికలోనే ఉన్నది.

మొదటి మెట్టు: కొలతల అతుకు

హైదరాబాదు నగరములో వెంగళరావు నగర్, యూసుఫ్‌గూడ, జూబిలీ హిల్స్ ప్రాంతముల ఎత్తుపల్లములను కొలుచుటకు మూడు విద్యార్థి బృందములు బయలుదేరిన వనుకొనవచ్చును. ప్రతి బృందము తన ప్రాంతములో ఒక స్థలమును సున్న ఎత్తుగా నిర్ణయించుకొని, దాని నుండి మిగిలిన స్థలముల ఎత్తును మీటర్లలో వ్రాసికొనును. ప్రాంతముల సరిహద్దులలో రెండేసి బృందములు ఒకే స్థలమును కొలుచును. అచ్చట రెండవ బృందము సంఖ్య మొదటి బృందము సంఖ్యకంటె 12 ఎక్కువ యనియు, మూడవ బృందము సంఖ్య రెండవ దానికంటె 9 తక్కువ యనియు, మరల మొదటి బృందము సంఖ్య మూడవ దానికంటె 3 తక్కువ యనియు తేలినది. ఈ మూడు తేడాలను వరుసగా కూడిన 12 – 9 – 3 = 0 అగును. కావున రెండవ బృందము తన సంఖ్యలన్నింటి నుండి 12ను, మూడవ బృందము 3ను తీసివేసిన చాలును. మూడు పటములు ఒక్క పటమగును.

ఆ మొత్తము సున్న కాక 5 అయిన ఏమగును? ఒక బృందము తన సున్నను మార్చుకొన్నచో దానికి ఇరుప్రక్కల నున్న తేడాలు మారును. ఒకటి ఎంత పెరుగునో, రెండవది అంత తగ్గును. కావున చుట్టు మొత్తము మాత్రము 5గానే నిలుచును. అట్టి నేలపై చుట్టి వచ్చినవాడు బయలుదేరిన చోటికే వచ్చి, 5 మీటర్లు పైకెక్కి యుండును. అట్టి నేల లోకములో లేదు. కాని అట్టి బొమ్మను కాగితముపై గీయవచ్చును. ఎంత ఎక్కినను మొదటికే వచ్చు మెట్ల బొమ్మను లయొనెల్ పెన్రోజ్, రోజర్ పెన్రోజ్ అను తండ్రీకొడుకులు 1958లో ప్రకటించిరి. ఇట్టి అసంభవ చిత్రములలో దాగియున్నది ఈ చుట్టు మొత్తమే యని రోజర్ పెన్రోజ్ 1992లో వివరించెను.

ఇందుండి గ్రహింపవలసిన దొకటి. విడివిడి తేడాలు కొలుచువాని ఇష్టమును బట్టి మారును. చుట్టు మొత్తము మారదు. మారనిది ఏదియో అదియే వర్గీకరణమునకు ఆధారము. ఇట్టి మారని రాశులను సేకరించు శాస్త్రమునకు కోహోమాలజీ అని పేరు. ఇచ్చట కనిపించినది మొదటి మెట్టు కోహోమాలజీ. జెర్బులు రెండవ మెట్టునకు చెందినవి.

రెండవ మెట్టు: చేతిలో ఒకటి

కూడిక నేర్చుకొను బాలుడు “8, 5 పదమూడు, మూడు వేసి, చేతిలో ఒకటి” అనును. 1957లో దశాంశ నాణెములు వచ్చువరకు అణాలు కూడినవారు 16 దాటగానే చేతిలో ఒక రూపాయి ఉంచుకొనెడివారు. నిమిషములు కూడువారు 60 దాటగానే ఒక గంట ఉంచుకొందురు. ఈ ‘చేతిలో ఒకటి’ రెండవ మెట్టు కోహోమాలజీకి చక్కని ఉదాహరణము. ఈ సంగతిని డేనియల్ ఐసక్సెన్ అను గణితవేత్త 2002లో ఒక వ్యాసములో విపులముగా వ్రాసెను.

ఒకట్ల స్థానములోని అంకెలను మాత్రమే చూచినచో, 0 నుండి 9 వరకు గల పది అంకెలు తమలో తాము కూడుకొని మరల ఆ పదిలోనే ఉండును. 8కి 5 కలిపిన 3 వచ్చును. ఇది పది మూలకముల సమూహము. చేతిలోని అంకె ఈ కూడికలో ఇమడక మిగిలిన శేషము.

ఇప్పుడు 4, 7, 2 అను మూడు అంకెలను రెండు విధముల కూడి చూడవచ్చును. మొదట 4, 7 కూడిన 11. అనగా 1 వేసి, చేతిలో 1. తరువాత ఆ 1కి 2 కలిపిన 3, చేతిలో 0. చేతి అంకెల మొత్తము 1. రెండవ విధమున మొదట 7, 2 కూడిన 9, చేతిలో 0. తరువాత 4కు 9 కలిపిన 13, చేతిలో 1. ఇచ్చట కూడ మొత్తము 1. చేతి అంకె పుట్టిన స్థలము మారినది గాని మొత్తము మారలేదు. ఏ మూడు అంకెలను తీసికొన్నను ఇట్లే జరుగును. ఇట్లు జరుగనిచో కూడికలో సహచర న్యాయము నిలువదు.

దీనిని బొమ్మగా కూడ గీయవచ్చును. ప్రతి కూడికను ఒక త్రిభుజముగా భావింపవచ్చును: రెండు భుజములపై కూడవలసిన అంకెలు, మూడవ భుజముపై ఫలితము, త్రిభుజము నడుమ చేతి అంకె. మూడు అంకెలను రెండు విధముల కూడుటకు నాలుగు కూడికలు కావలెను. ఆ నాలుగు త్రిభుజములు కలిసి నాలుగు ముఖముల ఘనమగును. ఎదురెదురుగా నున్న రెండు జతల ముఖముల చేతి అంకెలు సరిపోవలెనను నియమమునకే కోసైకిల్ నియమమని పేరు. బృందముల ఉదాహరణములో శేషము చుట్టుపై ఉన్నది. ఇచ్చట శేషము త్రిభుజముపై ఉన్నది. రెండు మెట్లకును భేద మిదియే.

ఈ ఒకటిని పోగొట్టవచ్చునా?

చేతి అంకె బాలురకు కష్టము కలిగించుచున్నది. తెలివిగా ఏర్పాటు చేసిన అది అసలే పుట్టకుండునా? ప్రతి అంకెకును ప్రతినిధిగా, ఆ అంకెతో ముగియు ఒక రెండంకెల సంఖ్యను ఎన్నుకొనవచ్చును. ఉదాహరణమునకు 1కి ప్రతినిధిగా 01, 11, 21 మొదలు 91 వరకు పదింటిలో ఏదైనను కావచ్చును. కూడికలో 100 దాటిన భాగమును విడిచివేయవలెను. ఏ రెండు అంకెల ప్రతినిధులను కూడినను, ఆ అంకెల కూడిక ఫలితమునకు ప్రతినిధియే రావలెనని కోరిక. అప్పుడు చేతి అంకె మాయమైనట్లే.

ఈ కోరిక తీరదు. కారణము సులభము. 1ని పదిమార్లు కూడిన అంకెల లెక్కలో 0 వచ్చును. కావున 1 యొక్క ప్రతినిధిని పదిమార్లు కూడిన 00 రావలెను. కాని 01ని పదిమార్లు కూడిన 10. 11ని పదిమార్లు కూడిన 110, అనగా 10. 91ని పదిమార్లు కూడిన 910, అదియు 10. పది ప్రతినిధులలో ఎవరిని నిలిపినను 10యే మిగులును. ఎన్నిక మారినను మారని ఈ శేషమే చేతి అంకె యొక్క అసలు స్వరూపము.

కూడిక నియమమునే మార్చి, పది దాటినపుడెల్ల చేతిలో 1కి బదులు 2 ఉంచుకొనవలెనని శాసించిన, పదిమార్లు కూడగా 20 మిగులును. చేతిలో 3 అయిన 30. చేతిలో 0 అయిన ఏమియు మిగులదు. ఇట్లు 0 నుండి 9 వరకు పది రకములు ఏర్పడును. ఇంతకు మించిన రకములు లేవని నిరూపింపవచ్చును. ఇది పూర్తియైన వర్గీకరణము. వేరువేరుగా కనిపించు లెక్కలేనన్ని నియమములు పది తరగతులుగా విడిపోయినవి. ఏ నియమము ఏ తరగతిదో తెలిసికొనుటకు ఒక్క పరీక్ష చాలును.

జెర్బు అనగా నేమి?

ఇప్పుడు జెర్బును వర్ణించుట సులభము. ఒక ప్రదేశమును చిన్నచిన్న భాగములుగా కప్పినపుడు ప్రతి భాగముపై కొన్ని వస్తువులు లభించును. ఒక్కొక్క భాగములోని వస్తువులు ఒకదానితో నొకటి సరిపోలును. కాని సరిపోల్చు మార్గము ఒక్కటి కాదు, అనేకములు. ఒక మార్గమునకును మరియొక మార్గమునకును గల భేదము ఒక నిర్ణీత సమూహములోని మూలకము. రెండు భాగములు కలిసిన చోట ఒక మార్గమును ఎన్నుకొనవలెను. మూడు భాగములు కలిసిన చోట, ఒకటవ దాని నుండి రెండవ దానికి, రెండవ దాని నుండి మూడవ దానికి, మరల మొదటికి వచ్చినపుడు ఆ సమూహములోని ఒక మూలకము శేషముగా మిగులును. నాలుగు భాగములు కలిసిన చోట ఆ శేషములు ఒక దానితో నొకటి సరిపడవలెను. ప్రదేశమంతటికి చెల్లు ఒకే వస్తువు దొరికినచో ఆ జెర్బు సామాన్యము; దొరకనిచో అసామాన్యము.

భ్రమణములు దీనికి మంచి ఉదాహరణము. ఐర్లండు గణితవేత్త హామిల్టన్ 1843 అక్టోబరు 16న క్వాటర్నియన్ సంఖ్యలను కనుగొనెను. త్రిపరిమాణములోని ప్రతి భ్రమణమును ఒక క్వాటర్నియన్‌తో తెలుపవచ్చును. కాని ఒక క్వాటర్నియన్, దాని ఋణ సంఖ్య, రెండును ఒకే భ్రమణమును తెలుపును. ఎలక్ట్రాను వంటి కణముల విషయములో ఈ గుర్తు ముఖ్యము. 360 డిగ్రీలు తిరిగినపుడు దాని తరంగ ప్రమేయము గుర్తు మారును. 720 డిగ్రీలు తిరిగిన తరువాతనే మొదటి స్థితికి వచ్చును. వక్రమైన ప్రదేశములో ఒక భాగము నుండి మరియొక భాగమునకు పోవునపుడు భ్రమణమునకు ధన క్వాటర్నియన్‌ను ఎన్నుకొనవలెనా, ఋణమునా? ఏదో ఒకటి ఎన్నుకొన్నచో, మూడు భాగములు కలిసిన చోట +1 గాని –1 గాని మిగులును. ఎన్నికలను సర్ది, అన్ని చోట్లను +1 తేగలిగిన ఆ ప్రదేశములో ఎలక్ట్రానును వర్ణించు సమీకరణము చెల్లును. తేలేకపోయిన, అచ్చట ఒక అసామాన్య జెర్బు అడ్డుగా నున్నది. ఇచ్చట జెర్బు తరగతి తెలిసికొనుట భౌతికశాస్త్రమునకు అవసరమైన పని.

ప్రదక్షిణములు – హోమోటోపీ

తరగతులను ఒక్కొక్క ప్రదేశమునకు విడివిడిగా లెక్కించుట కష్టము. అన్నింటికి ఒకే కొలబద్ద కలదా? కలదని హోమోటోపీ సిద్ధాంతము చూపినది.

గుడిలో ధ్వజస్తంభము చుట్టు ప్రదక్షిణము చేయు భక్తుడు వంకరగా నడిచినను, మధ్యలో వెనుకకు నాలుగడుగులు వేసినను, చివరకు మూడు ప్రదక్షిణములు మూడే. వ్యతిరేక దిశలో తిరిగిన అవి ఋణ సంఖ్యలగును. స్తంభమును దాటిపోకుండ, బయలుదేరిన చోటికే తిరిగివచ్చు ఒక బాటను నెమ్మదిగా లాగి మరియొక బాటగా మార్చగలిగినచో ఆ రెండు బాటలు హోమోటోపీ దృష్ట్యా ఒకటే. ఈ దృష్టిలో బాటల రకములు సరిగా పూర్ణాంకము లెన్నియో అన్ని. అనగా స్తంభము చుట్టునున్న వృత్తమే ఒక కొలబద్ద. ఏ ప్రదేశమును తీసికొన్నను, దాని నుండి వృత్తమునకు గల అవిచ్ఛిన్న ప్రమేయములను హోమోటోపీ తరగతులుగా విడదీసిన, ఆ ప్రదేశపు మొదటి మెట్టు కోహోమాలజీ లభించును.

పై మెట్లకు వృత్తము చాలదు. సామ్యుయల్ ఐలెన్‌బర్గ్, సాండర్స్ మాక్ లేన్ అను గణితవేత్తలు 1940 దశకములో ప్రతి మెట్టునకును తగిన కొలబద్దలను పరిశీలించిరి. ఒక్క పరిమాణములో మాత్రమే సమాచారమును దాచుకొని, మిగిలిన పరిమాణములన్నింటిలో శూన్యముగా నుండు ఈ అంతరాళములకు వారి పేర్లే నిలిచినవి. స్థిత్యంతర న్యాయమును పాటించు ఒక సమూహమును, రెండవ మెట్టును ఎన్నుకొన్నచో, దానికొక ఐలెన్‌బర్గ్–మాక్ లేన్ అంతరాళము కలదు. ఆ సమూహమునకు చెందిన జెర్బుల తరగతులు, ఇచ్చిన ప్రదేశము నుండి ఆ అంతరాళమునకు గల ప్రమేయముల హోమోటోపీ తరగతులు, రెండును ఒకదానికొకటి సరిగా జతపడును. వర్గీకరణ సిద్ధాంతపు సారమిది.

ఒక ప్రదేశముపై జెర్బు నిచ్చుట యనగా ఆ ప్రదేశమును కొలబద్దలోనికి పంపుట. రెండు జెర్బులు తుల్యములనగా ఒక ప్రమేయమును నెమ్మదిగా మార్చి రెండవ దానిగా చేయగలుగుట. సామాన్య జెర్బు అనగా ప్రదేశమునంతటిని ఒక్క బిందువునకు కుదించగల ప్రమేయము. చేతి అంకెలకును ఇట్టి ప్రదేశమొకటి కలదు. దానిలో ప్రతి అంకెకు ఒక చుట్టు, ప్రతి కూడికకు ఒక త్రిభుజము, పై మెట్లలో తగిన ఘనములు ఉండును. దానిపై జెర్బులే పై పది రకముల కూడిక నియమములు.

బాణములు, బాణముల మధ్య బాణములు

తరగతుల సంఖ్య తెలిసిన మాత్రమున అంతయు తెలిసినట్లు కాదు. ఒక జెర్బు మరియొక దానితో తుల్యమైన, ఎన్ని విధముల తుల్యము? ఆ విధములలో రెండు ఒకటేనా? ఈ ప్రశ్నలకు భాష కేటగిరీల సిద్ధాంతము. వస్తువులను బిందువులుగాను, వాని మధ్య సంబంధములను బాణములుగాను వ్రాయుట సాధారణ కేటగిరీ. బాణముల మధ్య మరల బాణములు, వాని మధ్య మరల బాణములు ఉండిన అది ఉన్నత కేటగిరీ.

వెంగళరావు నగర్ నుండి ఫిల్మ్ నగర్‌కు పోవు దారులతో దీనిని పోల్చవచ్చును. రెండు స్థలములు వస్తువులు. వాని మధ్య దారి బాణము. ఒక దారిని క్రమముగా జరిపి మరియొక దారిగా చేయు పద్ధతి బాణముల మధ్య బాణము. నడుమ దాటరాని కొండ యున్నచో రెండు దారులున్నను వాని మధ్య రెండవ తరపు బాణము ఉండదు. ఇట్లు హోమోటోపీయును, ఉన్నత కేటగిరీయును ఒకే విషయమును చెప్పు రెండు భాషలు.

ఈ భాషలో జెర్బుల సమాచారమంతయు ఒకే అంతరాళములో ఇమిడియున్నది. ఆ అంతరాళము ఎన్ని విడిముక్కలుగా నున్నదో అన్ని జెర్బు తరగతులు. ఇవి రెండవ కోహోమాలజీ. ఒక ముక్కలోని చుట్టులు ఆ జెర్బునకు తనతో తనకు గల తుల్యతలు. ఇవి మొదటి కోహోమాలజీ. ఆ తుల్యతల మధ్య తుల్యతలు సున్నవ కోహోమాలజీ. చేతి అంకెల ఉదాహరణములో ఈ మూడును పదేసి. పూర్వము మూడు వేరు లెక్కలుగా కనిపించినవి ఒక్క వస్తువు యొక్క మూడు ముఖములని తేలినది.

జెకబ్ లూరీ 2009లో ప్రకటించిన ఉన్నత టోపోసుల గ్రంథములో ఈ పద్ధతి అత్యంత విస్తృతముగా స్థాపింపబడినది. జెర్బులే కాక, నాలుగు భాగములు కలిసిన చోట శేషము మిగులు ద్వి-జెర్బులు, వానికి పైబడినవి కూడ ఒకే సూత్రముతో వర్గీకరింపబడినవి. మెట్టు ఒకటి పెరిగినపుడు కోహోమాలజీ మెట్టును ఒకటి పెరుగును.

స్థిత్యంతర న్యాయము లేనపుడు

శేషములుండు సమూహములో స్థిత్యంతర న్యాయము చెల్లనిచో సమస్య జటిలమగును. అప్పుడు కోహోమాలజీ తరగతులను కూడుటకు కూడ వీలులేదు. జిరో గ్రంథము ముఖ్యముగా ఈ సమస్యను గురించినదే. హోమోటోపీ భాషలో సమాధానము మాత్రము అదే రూపములో నుండును. కొలబద్ద మారును. క్రొత్త కొలబద్దలో రెండు పరిమాణముల సమాచారము ఉండును. మొదటి దానిలో ఆ సమూహపు బాహ్య స్వరూపతలు, అనగా సమూహమును తనపైననే మార్చుచు, సమూహములోని మూలకములచే కలుగని మార్పులు ఉండును. రెండవ దానిలో ఆ సమూహ కేంద్రము, అనగా అందరితోను స్థిత్యంతరమును పాటించు మూలకములు ఉండును.

మూడు వస్తువులను తారుమారు చేయు ఆరు విధముల సమూహము దీనికి చక్కని పరీక్ష. ఈ సమూహములో అన్నింటితోను స్థిత్యంతరమును పాటించునది, ఏమియు మార్చని విధము ఒక్కటే. బాహ్య స్వరూపతలును లేవు. కావున కొలబద్దలో రెండు సమాచారములును శూన్యము. అది ఒక బిందువునకు కుదించుకొనిపోవును. ఫలితముగా ఈ సమూహమునకు చెందిన జెర్బు ఏ ప్రదేశముపైన నైనను సామాన్యమే. నేరుగా నిరూపింపబోయిన పుటలు నిండు ఈ ఫలితము, కొలబద్దను చూచినంతనే తెలియుచున్నది. వర్గీకరణ పద్ధతి బలము ఇట్టి చోట్ల కనిపించును.

హైదరాబాదులో జరిగిన పని

జెర్బులు జ్యామితికే పరిమితము కావు. సంఖ్యాశాస్త్రములో వానికి బ్రౌవర్ సమూహమని మరియొక రూపము కలదు. ఒక సంఖ్యాక్షేత్రముపై క్వాటర్నియన్‌ల వంటి బీజగణితములను తరగతులుగా చేర్చిన ఈ సమూహము ఏర్పడును. వాస్తవ సంఖ్యలపై ఇట్టి తరగతులు రెండే: సామాన్యమైన దొకటి, హామిల్టన్ క్వాటర్నియన్‌లది రెండవది. ఇది 19వ శతాబ్దిలో ఫ్రోబెనియస్ నిరూపించిన సిద్ధాంతపు ఫలితము. సంకీర్ణ సంఖ్యలకు పోయినచో క్వాటర్నియన్‌లు సాధారణ మాత్రికలుగా మారిపోవును. అనగా చిన్న చోట సామాన్యమైనది, మొత్తముపై అసామాన్యమగుచున్నది. ఇది జెర్బు లక్షణమే.

ఈ రంగములో ప్రసిద్ధమైన ఒక ఫలితము హైదరాబాదునకు సంబంధించినది. హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్యులుగా నుండిన వేనపల్లి సురేశ్, ఆచార్య రామన్ పరిమళతో కలిసి వర్గ రూపములను గురించి పరిశోధించెను. వర్గ రూపమనగా చరరాశుల వర్గములతోను, వాని రెండేసి లబ్ధములతోను ఏర్పడు సమాసము. చరరాశులన్నియు సున్నలు కాకుండ ఆ సమాసపు విలువ సున్న యగునా యన్నది ప్రశ్న. పి అను ప్రధాన సంఖ్యకు చెందిన పి-ఆడిక్ సంఖ్యలపై, 5 గాని అంతకు మించి గాని చరరాశులున్నచో అట్లు తప్పక యగును. పి-ఆడిక్ వక్రములపై ప్రమేయముల క్షేత్రములో ఎన్ని చరరాశులు కావలెను? పి 2 కానపుడు 11 చాలునని వీరిరువురు 1998లో నిరూపించిరి. 2010లో అమెరికాలోని ‘ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్’ పత్రికలో, పి 2 కానపుడు 9 చాలునని నిరూపించిరి. ఇంతకంటె తగ్గించుటకు వీలులేదు.

ఈ పనిలో జెర్బు తరగతులు ముఖ్యసాధనములు. ఇట్టి క్షేత్రములపై, రెట్టింపు చేసిన శూన్యమగు ప్రతి బ్రౌవర్ తరగతి గరిష్ఠముగా రెండు క్వాటర్నియన్ బీజగణితముల కలయికతో లభించునని సాల్ట్‌మన్ 1997లో చూపెను. దానికి పై మెట్టులో, అనగా మూడవ కోహోమాలజీలో, అట్టి ప్రతి తరగతియు ఒక్క సరళ చిహ్నముతో తెలుపదగినదని పరిమళ, సురేశ్‌లు చూపిరి. తరగతులను ఎంత తక్కువ సామగ్రితో నిర్మింపవచ్చునో తెలిసిన తరువాతనే చరరాశుల సంఖ్య తగ్గినది. సురేశ్‌కు 2009లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి లభించినది.

2010 ఆగస్టు 19 నుండి 27 వరకు అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ హైదరాబాదులో జరిగినది. అది భారతదేశములో జరిగిన మొదటి మహాసభ. పరిమళ ఆ సభలో సర్వసభ్య ఉపన్యాసమిచ్చెను. ఆహ్వానిత ఉపన్యాసకులలో జెకబ్ లూరీ ఒకడు. అచ్చటనే వియత్నాము దేశమున జన్మించిన ఙో బావ్ చౌ ‘మూలభూత లెమ్మా’ను నిరూపించినందుకు ఫీల్డ్స్ పతకమును అందుకొనెను. అదే లెమ్మాకు గ్రోచెనిగ్, వైస్, సీగ్లర్ అను ముగ్గురు గణితవేత్తలు 2020లో మరియొక నిరూపణమును ప్రకటించిరి. అందులో జెర్బులును, పి-ఆడిక్ సమాకలనమును ప్రధాన సాధనములు. జెర్బు తరగతిని ప్రతి పి-ఆడిక్ బిందువు వద్ద ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యలను సమాకలనము చేయుట వారి మార్గము. పోని శేషమే ఇచ్చట కొలత యైనది.

తరగతి గదిలో

ఈ విషయములో కొంతభాగమును పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఉపాధ్యాయుడు మూడు అంకెలనిచ్చి, రెండు విధముల కూడించి, చేతి అంకెలు పుట్టిన స్థానములను గుర్తింపజేయవచ్చును. 1కి ప్రతినిధిగా ఇష్టము వచ్చిన సంఖ్యను ఒక్కొక్క విద్యార్థి ఎన్నుకొని, దానిని పదిమార్లు కూడి, అందరికి 10యే మిగులుట చూడవచ్చును. తరువాత పదికి బదులు రెండును ఆధారముగా గైకొని, 0, 1 అను అంకెలతో ఎన్ని రకముల కూడిక నియమము లుండునో కనుగొనుమని చెప్పవచ్చును. జవాబు రెండు: చేతిలో ఒకటి ఉంచుకొనునది, ఉంచుకొననిది. గణన యంత్రములలో ఈ రెండు నియమములును ప్రతిదినము వాడుకలో నున్నవి.

రెండేసి చోట్ల సరిపోయినంత మాత్రమున మొత్తము సరిపోవునని తలచుట తప్పు. సరిపోలేదని తెలిసి పనిని విడిచిపెట్టుటయు తప్పే. మిగిలిన శేషము సర్దుబాటు వలన పోవునదా, పోనిదా యని పరీక్షింపవలెను. పోవునదైన దానిని తొలగింపవలెను. పోనిదైన దాని తరగతిని గుర్తించి, ఆ ప్రదేశపు లక్షణముగా లెక్క వ్రాసికొనవలెను. జెర్బుల వర్గీకరణము నేర్పు క్రమము ఇదియే.